ఆకు కంటే ముందు వచ్చిన పువ్వు

దాని పేరు నాకిప్పుడు తెలుసు. భూచంపకం. కొండకలువ అని కూడా అంటారట. ఖమ్మంలో ఒక నర్సరీలో గులాబీల వెనక, ఎవరూ తొంగిచూడని మూల, నల్లటి ప్లాస్టిక్ సంచిలో కనిపించింది. నర్సరీ అతను పేరు చెప్పి, అల్లం జాతిదని చెప్పి, కొంటానా కొననా అన్నట్టు నా ముఖం చూశాడు. నేను కొనలేదు. పేరు తెలిసినందుకు పెద్ద సంతోషమేమీ కలగలేదు. పేరు తెలియని రోజుల్లోనే ఆ పువ్వుతో నాకు ఎక్కువ పని పడింది.

అప్పుడు మేము చండ్రుగొండ దగ్గర ఒక ఊళ్లో కిరాయికి ఉండేవాళ్లం. రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయి ఉంటుంది. ఇంటి యజమాని కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కున్న రైతు. మట్టి అనేది పొలంలో ఉండాలి గాని ఇంట్లో ఉండకూడదని ఆయన సిద్ధాంతం. వాకిలి, పెరడు, గోడవార జానెడు జాగా, అంతా నాపరాళ్లు పరిపించాడు. వాన పడితే నీళ్లు ఎటు పోవాలో తెలియక వాకిట్లోనే తిరిగేవి. ఆ రాళ్ల మధ్య మట్టి అంటూ ఉన్నది ఒక్క చోటే. గేటు పక్కన మా అత్తమ్మ పెట్టిన సిమెంటు గోళెం. ఒక కార్తీకంలో పర్ణశాల పోయి వస్తూ, దారిలో జీపు ఆపించి, అడవి అంచున తవ్వించి, యూరియా సంచిలో ఎత్తుకొచ్చిన నల్లమట్టి అందులో ఉండేది. దాంట్లో ఒక క్రోటన్ పెట్టింది. అది ఎండకు మాడి చచ్చింది. తర్వాత గోళెం ఖాళీగా, ఎవరికీ పట్టకుండా ఉండిపోయింది.

ఆ ఏడు ఏప్రిల్ చివర్లో నాకు ఏడో నెలలోనే పాప పుట్టింది. ఖమ్మంలో పిల్లల దవాఖానాలో గాజుపెట్టెలో పెట్టారు. నేను రెండుసార్లు చూశాను. రెండుసార్లూ అద్దం బయట నిలబడే. పిడికెడు ముఖం, దాని మీద ప్లాస్టరు, ముక్కులో గొట్టం. ముట్టుకోనివ్వలేదు. నాకు ఆపరేషను కుట్లు చీము పట్టి జ్వరం తగులుకుంది. బస్సులో కుదుపులు పడితే కుట్లు ఊడతాయని, ఇంటికి పోయి కదలకుండా పడుకోమని కారు మాట్లాడి పంపేశారు. పాపను అక్కడే ఉంచారు. పుట్టింటికి పోదామంటే మా అమ్మ లేదు, నేను పదో తరగతిలో ఉండగానే పోయింది. మా ఆయన దవాఖానా వరండాలో మకాం పెట్టాడు. యజమాని ఇంటి ఫోనుకు రెండు రోజులకోసారి చేసి, "బాగుంది" అనేవాడు. ఆయన ఒక్క 'బాగుంది'తో సంసారం నడిపే మనిషి. ఎండ గురించి అడిగినా అదే, కూర గురించి అడిగినా అదే, కన్నబిడ్డ గురించి అడిగినా అదే.

నిజమైన కబురు తెచ్చేది మామయ్య. పొద్దున్నే నేను పాలు పిండి, ఉడకబెట్టిన సీసాలో పోస్తే, అత్తమ్మ దాన్ని ఐసుముక్కలు వేసిన ఫ్లాస్కులో పెట్టి ఇచ్చేది. ఆయన మొదటి బస్సుకు దాన్ని ఒళ్లో పెట్టుకుని ఖమ్మం పోయేవాడు. పొద్దుగూకే వేళకు ఖాళీ సీసాతో తిరిగి వచ్చేవాడు. చెప్పులు విప్పకముందే గుమ్మంలో నిలబడి కబురు చెప్పేవాడు. ఇవాళ అంతా తాగింది. ఇవాళ కళ్లు తెరిచింది. ఇవాళ బరువు పెరిగిందని డాక్టరమ్మ నవ్వింది. ఆ మాటలు వింటుంటే నాకు జాకెట్ తడిసిపోయేది.

మామయ్య తునికాకు కల్లేదారు. ఎండాకాలం వస్తే అడవి ఊళ్ల జనం ఆకు కోసి కట్టలు కట్టి కల్లానికి తెస్తారు. వాటిని ఎండబెట్టించి, చూసి, పంపించే పెద్ద ఆయన. ఏడాది మొత్తంలో ఆయనకు పని ఉండేది ఆ నెలన్నరే. ఆ నెలన్నరే పాపకు పాలు మోయాల్సి వచ్చింది. కల్లం ఇంకొకరికి అప్పజెప్పి, దాని ఊసే ఎత్తకుండా బస్సెక్కాడు. ఆకు విషయంలో మాత్రం ఆయన మాటకు ఎదురు లేదు. కళ్లు మూసుకుని వేలితో రాస్తే ఏ అడవిదో చెబుతానని ఆయన గొప్ప. ఎవరూ పరీక్ష పెట్టలేదు గనక ఆ గొప్ప అలాగే నిలిచింది.

పాప బొడ్డుపేగు ఎండి ఊడిందని కబురొచ్చిన రోజున అత్తమ్మ దాన్ని తెమ్మని పట్టుబట్టింది. నర్సులు నవ్వుతారని మామయ్య గునిశాడు. నవ్వితే పండ్లు కనబడతాయి, పోయేదేముంది, తెమ్మంది. ఆయన దూదిలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకుని తెచ్చాడు. వాళ్ల వైపు ఆ పేగును సొంత జాగాలో పూడ్చి, పొద్దునా మాపూ నీళ్లు చల్లుతారు. మాకు సొంత జాగా ఎక్కడిది? ఉన్నది ఆ గోళెమే. అత్తమ్మ పుల్లతో గుంట చేసి, అందులో పెట్టి, మట్టి కప్పి, బొట్టు పెట్టింది.

"బొడ్డు చల్లగుంటే బిడ్డ చల్లగుంటది" అంది నాతో. "పాప ఇంటికొచ్చేదాంక దీన్ల ఏ మొక్క పెట్టొద్దు, ఎవ్వలు చెయ్యి పెట్టొద్దు."

అప్పటి నుంచి పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు. మే నెల ఎండలో, ఏమీ లేని గోళెంలో. వీధిలో పోయేవాళ్లు చూసి, పాపం ఈమెకు ఎండ తగిలినట్టుంది అనుకుని ఉంటారు.

నా మంచం కిటికీ దగ్గర వేశారు. కిటికీలోంచి గేటు, గేటు పక్కన గోళెం. ఇంకేమీ కనపడేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజులన్నీ ఒకే మధ్యాహ్నంలా కలిసిపోయి ఉన్నాయి. కరెంటు పోయేది. కూలర్ ఆగిపోయేది. నాపరాళ్ల మీద గాలి నీళ్లలా ఊగేది. ఆ ఊగే గాలిలో గోళెం దగ్గరికి వచ్చేది, దూరం పోయేది. జ్వరం మత్తులో నేను పాపను ఖమ్మంలో కాదు, అందులోనే ఉంచామనుకునేదాన్ని. మట్టి కింద పడుకుని ఉంది, దాహం వేస్తే అత్తమ్మ పోస్తుంది, లేవాల్సిన వేళకు లేస్తుంది. భయం వేయాల్సిన ఆలోచన. నాకు మాత్రం హాయిగా ఉండేది. గాజుపెట్టె కంటే మట్టే నయమనిపించేది.

అందుకే ఆ పొద్దున గోళెంలో పువ్వు కనపడితే నేను ఆశ్చర్యపోలేదు. వచ్చావా, అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

అత్తమ్మ మాత్రం చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కాకి ఏదో పడేసిందనుకుని ముందు వేలితో తోయబోయి ఆగింది. అది పడింది కాదు, లేచింది. మట్టిని చీల్చుకుని ఊదారంగు మొన ఒకటి, దాని మీద పువ్వు. నేను గోడ పట్టుకుని మెల్లగా బయటికి వచ్చి చూశాను. పైన రెండు తెల్లటి రేకులు నిలువుగా, చెవులు రిక్కించినట్టు. కింద లేత వంగపండు రంగులో రెండు, మట్టి మీదికి వాలి. వెనక సన్నగా పొడుగ్గా మరికొన్ని. వంగి వాసన చూస్తే మత్తుగా, చల్లగా, అంతకు ముందు ఎక్కడా తగలని వాసన. ఆకు లేదు. కాడ లేదు. పక్కన గడ్డిపోచ కూడా లేదు. నేలలోంచి ముఖం ఒక్కటే బయట పెట్టినట్టుంది.

సాయంత్రానికి అది తడిసిన కాగితంలా చతికిలబడింది. అత్తమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని నా మంచం దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఆకు లేదు, కాడ లేదు. పొద్దుగాల వచ్చింది, పొద్దుగూకంగ పోయింది. ఇదేం పువ్వు బిడ్డా?"

ఆమె ఏమడుగుతోందో నాకు తెలుసు. ఆమె లెక్కలో ఆ గోళెంలో మొలిచేది ఏదైనా పాపదే. ఆకు లేకుండా వచ్చిన పువ్వు నెల నిండకుండా వచ్చిన బిడ్డే. దానికి వెనక ఆకు వస్తుందా, లేక ఇలా ఒక్క పూట కనపడి పోవడమే దాని గుణమా? ఆ పువ్వు ఏదో తేలాలి. మా ఇంట్లో ఆ రెండు మూడు రోజులూ దానికీ, పాప బతుకుతుందా లేదా అన్నదానికీ తేడా లేకుండా పోయింది. బి.ఏ. చదివిన కోడల్ని, ఇదంతా మూఢనమ్మకమని చెప్పాల్సిన దాన్ని, గోడవైపు తిరిగి పడుకున్నాను. చదువు ఎండలో ఉన్నప్పుడు గొడుగులాంటిది. పిడుగుకు పనికిరాదు.

మర్నాడు పక్కనే ఇంకో పువ్వు లేచింది. ఈసారి తలా ఒక మాట. యజమాని భార్య వచ్చి, మే నెలలో బంతిలా ఎర్రగా పూసే దుంప ఉంటుందే, ఆ రకమే అంది. దానికి మూరెడు కాడ ఉంటుంది కదా అంటే, మీరు నీళ్లు ఎక్కువ పోశారు అందుకే కాడ కుళ్లిందని తేల్చింది. పాలామె ఉల్లిజాతి అంది. ఎదురింటావిడ కలువ అంది. నీళ్లు లేకుండా కలువేమిటంటే, రోజూ రెండు చెంబులు పోస్తున్నారుగా అంది. దుంప తవ్వి విరిచి వాసన చూస్తే అల్లమో పసుపో ఉల్లో ఇట్టే తెలిసిపోయేది. కాని ఆ గోళెంలో చెయ్యి పెట్టేదెవరు? అత్తమ్మ దాని పక్కన పీట వేసుకుని కూర్చుంది. రెండో పువ్వు కూడా సాయంత్రానికి వాలిపోయింది. ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. ముందు రాత్రి కూడా ముట్టలేదని నాకు అప్పుడు తెలిసింది. ఆ పొద్దు నాకు పాలు కూడా సీసాలో సగానికి రాలేదు.

మూడో రోజు మామయ్య తెల్లారగట్ల అప్పుడే విచ్చుతున్న పువ్వును మొదలంటా తెంపి, తడిగుడ్డలో చుట్టి, టిఫిన్ గిన్నెలో పెట్టుకున్నాడు. ఖమ్మం దాకా బస్సులో ఎంతమంది ఎక్కుతారు, దిగుతారు, అందులో ఒక్కడికైనా తెలియకపోతుందా అన్నాడు. పాల ఫ్లాస్కు ఒక చేతిలో, పువ్వు గిన్నె ఒక చేతిలో. వెనక నుంచి చూస్తే పెళ్లికి పోతున్నాడనుకోవచ్చు.

సాయంత్రం ఆయన వచ్చేసరికి అత్తమ్మ గేటు దాకా ఎదురుపోయింది. ఆయన ముందు పాప సంగతి చెప్పాడు. బాగా తాగిందట. తర్వాత పీట మీద కూర్చుని, నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, పువ్వు సంగతి చెప్పాడు. బస్సంతా చేతులు మారిందట ఆ గిన్నె. కండక్టర్ కూడా టికెట్లు ఆపి చూశాడట. ఎవరికి తోచింది వాళ్లు చెప్పారట. ఏన్కూరులో ఒక పసుపు రైతు ఎక్కాడట, కల్లూరు పోతున్నాడట, తెల్లటి తలపాగా, చేతుల గీతల్లో పసుపు పట్టి ఉందట. ఆయన గిన్నెలోకి ఒక్కసారి చూసి, ఇంత లొల్లి ఎందుకయ్యా అన్నాడట.

"పసుపుకు చెల్లెలంట ఇది" అన్నాడు మామయ్య. "అడవిల ఉంటదంట. ముందు పువ్వే వస్తదంట, ఆకు ఆగి వస్తదంట. రెండు వానలు పడనియ్యి, మూరెడు ఆకు లేస్తది, నువ్వే చూస్తవ్ అన్నడు."

ఆకు గురించి మామయ్య చెబితే ఇక తిరుగులేదు. అత్తమ్మ మళ్లీ చెప్పించుకుంది. ఆకు తప్పకుండా వస్తుందన్నాడా? అన్నాడు. ఎప్పుడన్నాడు? రెండు వానలకు. ఆమె లేచి, గోళెం దగ్గరికి పోయి, చీర కొంగుతో దాని అంచు తుడిచి, లోపలికి వచ్చి అన్నం పెట్టుకుని తింది. ఆమె తింటుంటే నేను చూస్తూ పడుకున్నాను. నాకు ఏడుపు వచ్చింది, ఆకలీ వేసింది. ఏది ముందో చెప్పలేను.

అప్పటి నుంచి పువ్వు వాలితే ఎవరూ బెంగపెట్టుకోలేదు. రోజూ ఒకటి లేచేది, ఒక్కోరోజు రెండు. నేను కిటికీలోంచి వాటిని చూస్తూ నిద్రపోయేదాన్ని. కలలో కూడా అవే, కాకపోతే కలలో వాటికి వేళ్లుండేవి, గోళ్లుండేవి. వాసన మధ్యాహ్నం గాలికి మంచం దాకా వచ్చేది. జ్వరం తగ్గింది. పాలు నిండుగా పడ్డాయి. మే నెల చివర పువ్వులు ఆగిపోయాయి, గోళెం మళ్లీ ఖాళీ అయింది. అత్తమ్మ ఖాళీ గోళెంలో అదే శ్రద్ధగా నీళ్లు పోసింది. అంతే కాదు, ఆ పసుపు రైతు పాప తొట్టెల పండుగకు రావాల్సిందేనని పట్టుబట్టింది. బస్సులో మళ్లీ కనబడ్డాడా అని రోజూ అడిగేది. ఇవాళ కనబడలేదు, ఇవాళ ఆయన వేరే బస్సెక్కినట్టున్నాడు, ఇవాళ నిండా జనం అని మామయ్య ఏదో ఒకటి చెప్పేవాడు. దీపం పెట్టేటప్పుడు ఆమె ఆ రైతు కడుపు కూడా చల్లగుండాలని దండం పెట్టేది.

జూన్ నడిమికి పాప ఇంటికి వచ్చింది. మా ఆయన గుడ్డల మూటలా తెచ్చి నా ఒళ్లో పెట్టి, "బాగుంది" అన్నాడు. ఆ ఒక్కసారి ఆ మాట నాకు సరిపోయింది.

వానలు పడ్డాయి. ఒక పొద్దున, రాత్రంతా ముసురు కురిసి తెరిపిచ్చాక, అత్తమ్మ పాపకు నీళ్లు పోయడానికి వేడినీళ్ల కాగు మోసుకెళుతూ గోళెం వైపు చూసి, "ఆకొచ్చింది" అంది. అంతే. ఆగనైనా లేదు. వస్తుందని చెప్పిన మనిషి చెప్పాడు, అది వచ్చింది. ఆమె లోపలికి పోయి, కాళ్లు చాపుకుని, పాపను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుని నలుగు పెట్టడం మొదలుపెట్టింది.

నేను బయటికి వచ్చాను. చుట్టిన కాగితంలా లేచి, సగం విప్పుకున్న ఆకు. పైన లేత పచ్చ చారలు, అడుగున వంగపండు రంగు. దాని ముందు మామయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆకు కొసను రెండు వేళ్లతో పట్టుకుని, వదలకుండా, ఏడుస్తున్నాడు. మా మామయ్య ఏడవడం నేను చూడటం అదే మొదలు. ఏమైంది మామయ్యా అన్నాను.

"బస్సుల ఎవ్వరు చెప్పలే బిడ్డా" అన్నాడు. "పసుపు రైతు లేడు, ఏం లేడు. అందరికీ చూపించిన మాట నిజమే. ఎవ్వరికీ ఎరుక లేదు. ఒక ముసలాయన మాత్రం, ఇది ఇంట్ల ఉంచేది గాదు, పారెయ్యి అన్నడు. కిటికీల నుంచి పారేసిన."

వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆలోచించి ఆ రైతును తయారు చేశానని చెప్పాడు. తలపాగా, చేతుల పసుపు, కల్లూరు ప్రయాణం, అన్నీ. అత్తమ్మ రెండు రోజులుగా తినడం లేదు, నేను గోడకు తిరిగి పడుకున్నాను, అలాంటప్పుడు ఇంటికి ఏం పట్టుకొస్తాడు? వానలు పడేదాకా కాలం గడిస్తే చాలనుకున్నాడు. ఆకు వస్తుందని తను మాత్రం అనుకోలేదట. ఆకు తప్ప వేరే పని తెలియని మనిషి, ఆకు మీదే అబద్ధమాడి, ఇన్నాళ్లూ రోజూ పొద్దున్నే లేచి ఎవరూ చూడకుండా గోళెంలోకి చూసుకుంటున్నాడు.

నాకు నవ్వు రాబోయింది. అంతలోనే ఇంకోటి తట్టి నవ్వు ఆగిపోయింది. మరి పాప గురించి రోజూ చెప్పినవి, అని అడిగాను. తాగింది, కళ్లు తెరిచింది, డాక్టరమ్మ నవ్వింది.

మామయ్య ఆకును వదిలి చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"కొన్ని నిజమే" అన్నాడు. "తాగని దినాలు గూడ ఉన్నయి బిడ్డా. పాలు పట్టొద్దు, కడుపు ఉబ్బింది, బతికితే చూద్దాం అన్న దినాలు ఉన్నయి. తల్లిపాలు నలుగురు తొక్కేకాడ పొయ్యొద్దంటరు గదా. అక్కడ ఎక్కడ పొయ్యాలె? మళ్ల బస్సుల తెచ్చి, గేటు కాడ ఆగి, ఈ గోళెంల పోసి, సీస కడుక్కొని లోపలికొచ్చిన."

ఎన్ని రోజులని నేను అడగలేదు. కిటికీలోంచి అన్నాళ్లు చూశాను, ఒక్కసారీ ఆయన అక్కడ ఆగడం నా కంట పడలేదు. ఆ వేళకు నేను గుమ్మం వైపు తిరిగి, ఆయన తెచ్చే మంచి కబురు కోసం ఎదురుచూస్తూ ఉండేదాన్ని. నాకు ఆయన మీద కోపం వచ్చింది. కోపం కంటే ముందే ఆయన కాళ్ల దగ్గర కూర్చోవాలనిపించింది. కూర్చున్నాను. తడి నాపరాళ్ల మీదే, ఆ ఆకు ముందు.

లోపల నీళ్లు పోయడం అయినట్టుంది, పాప గట్టిగా ఏడ్చింది. నా జాకెట్ తడిసింది.

"పో బిడ్డా, పాలకేడుస్తుంది" అన్నాడు మామయ్య.

నేను లేచి లోపలికి వెళ్లాను.